దేవుడి పటం వెనక దొరల ఊరు

బుడమేరు నీళ్లు మా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో నడుంలోతు నిలిచి దిగిపోయాక, తలుపు తీసి చూస్తే చీలమండల దాకా బురద, నానిన బియ్యం కంపు. ఫ్రిజ్ పోయింది, మంచాలు పోయాయి, ముప్ఫయ్యేళ్లు పిల్లలకు పాఠం చెప్పిన నా బాటనీ నోట్సులు పోయాయి. పీడా పోయిందనుకున్నాను. తొంభై ఏళ్ల మా అమ్మ ఆ నాలుగు రోజులూ పై అంతస్తు వాళ్లింట్లో ఉంది. నేను మెట్లెక్కి వెళ్లి ఏవేం పాడయ్యాయో ఒక్కొక్కటే చెబుతుంటే అన్నీ వింది. ఫ్రిజ్‌కి ఊ అంది, మంచాలకి ఊ అంది. చివరికి, "పిల్ల పటం ఎట్లా ఉందే?" అంది. అది ఎట్లా ఉందో నాకు తెలుసు. పడుకున్నా కనిపించాలని అమ్మ మంచం పక్కన గోడకి కిందుగా మేకు కొట్టి తగిలించింది నేనే. పైన ఎక్కడో పాత మేకుకే వదిలేసి ఉంటే తడి అంటేదే కాదు. నా తెలివి ఎప్పుడూ అట్లాగే తెల్లవారుతుంది.

పిల్ల అంటే నా చెల్లెలు బేబి. ఐదేళ్లప్పుడు కాలవలో పడి పోయింది. పటం దాని ఫొటో కాదు. ఒక పాత ఇంగ్లీషు బొమ్మ, నలుపు తెలుపుది. వాళ్ల దేశంలో ఎవరో పేరున్న చిత్రకారుడు రంగుల్లో వేసిన ప్రకృతి దృశ్యాన్ని చూసి, ఇంకొకడు రాగి రేకు మీద గీతలుగా చెక్కి అచ్చుతీసిన కాగితం. ఒక ఏటి మలుపు, కర్ర వంతెన, పిండిమర, నీళ్లు తాగుతున్న రెండు ఆవులు, పైన సగం కాగితాన్ని ఆక్రమించిన మబ్బులు. ఏటి ఒడ్డున, మెట్టు లాంటి రాయి మీద, చిటికెనవేలి గోరంత పిల్ల. మేం బేబి అనుకున్నది ఆ పిల్లనే. వరదకు కాగితం అద్దానికి అతుక్కుపోయింది. ఆరబెట్టి మెల్లగా లాగితే మబ్బులు వచ్చాయి, చెట్లు వచ్చాయి. కింద సగం, ఏరూ ఆవులూ పిల్లా, ముద్దై చేతికి అంటుకుంది. రెండోసారి కూడా నీళ్లే తీసుకుపోయాయి దాన్ని.

ఇదంతా అర్థం కావాలంటే మా నాన్న షాపు గురించి చెప్పాలి. వన్ టౌన్‌లో ఒక సందులో పటాలు కట్టే షాపు మాది. పొడుగ్గా, ఇరుగ్గా, రైలుపెట్టెలా ఉండేది. గోడల నిండా దేవుళ్లు, నేల నిండా రంపప్పొట్టు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు వాసన, వార్నిష్ వాసన, గాజు కోసేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు, ఇవన్నీ కలిపితే నాకు నాన్న. బడి వదిలాక అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. నాన్న తక్కువ మాట్లాడేవాడు. పటం పూర్తయ్యాక వెనక అట్టమీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చప్పుడు నచ్చితేనే మనిషికి ఇచ్చేవాడు. అమ్మ అందుకు పూర్తిగా వ్యతిరేకం. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అనేది. పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి కాలవ అవతలి గట్టున వినిపించేది.

ఆ ఇంగ్లీషు బొమ్మలు మా షాపులోకి కట్టలుగా వచ్చాయి. పాత బంగ్లాల్లో సామాను వేలం వేసినప్పుడు నాన్న చట్రాల కోసం, గాజు కోసం వెళ్లి కొనేవాడు. ఇంగ్లీషువాళ్ల అద్దం మందంగా, బుడగ లేకుండా ఉంటుందని ఆయన నమ్మకం. అద్దం తీసి రామ పట్టాభిషేకానికి వేసేవాడు, చట్రం తీసి వెంకటేశ్వరస్వామికి వేసేవాడు. మిగిలిన బొమ్మను పారెయ్యడు. దేవుడి బొమ్మ వెనక, అట్టకి ముందు, దాన్ని పొరలా పెట్టేవాడు. అది గుడ్డపీలికలతో చేసిన కాగితమనీ, గోడ తడిని అదే పీల్చుకుంటుందనీ, దేవుడి దాకా రానివ్వదనీ చెప్పేవాడు. ఆ లెక్కన ఈ కృష్ణాజిల్లాలో ఎన్ని పూజగదుల్లో లక్ష్మీదేవి వెనక ఇంగ్లీషు గొర్రెలు మేస్తున్నాయో. నా చేత ఆ గీతల్ని తడిమించేవాడు. కళ్లు మూసుకుని వేలు పెడితే సిరా కాస్త గరుకుగా, ఉబ్బెత్తుగా తగిలేది. బొమ్మ చుట్టూ రేకు అదిమిన పల్లం ఉండేది. ఒకసారి బందరు వైపు నుంచి వచ్చిన కట్టలో ఒకే బొమ్మ కాపీలు అయిదారు ఉన్నాయి. ఎవరో దొర బడిపిల్లలకు బహుమతులు ఇవ్వడానికి తెప్పించి, ఇవ్వకుండానే వెళ్లిపోయాడట. కర్ర వంతెన, పిండిమర, రెండు ఆవులు. అదే బొమ్మ.

ఊళ్లో చచ్చిపోయిన వాళ్లందరి ఫొటోలూ మా నాన్న చేతిమీదుగా చట్రంలోకి ఎక్కేవి. సొంత కూతురు పోతే కట్టడానికి ఆయనకు ఫొటో లేదు. చిన్నపిల్లలకు ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ పట్టుబట్టి తీయనివ్వలేదు. బేబి పోయాక నాయనమ్మ ఆ మాట తలుచుకుని తల గోడకేసి కొట్టుకుంది. ఇప్పుడు నా మనవరాలి ఫొటోలు నా ఫోన్‌లోనే వేలల్లో ఉన్నాయి. పళ్లు తోముకుంటుంటే ఒకటి, తోముకోనని ఏడుస్తుంటే ఒకటి. వాటిని చూసినప్పుడల్లా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అప్పుడు తీసి ఉంటే ఏం పోయేదని కడుపు మండుతుంది. అమ్మకి దాని ముఖం మరుపుకొస్తోందని భయం పట్టుకుంది. పొద్దున్నే లేచి, "దానికి ఎడం చెంపమీదా కుడి చెంప మీదా పుట్టుమచ్చ?" అని నన్ను అడిగేది. నేను చెప్పలేక బడికి పారిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాన్న ఆ పటం ఇంటికి తెచ్చాడు. నల్ల చట్రం, లోపలి అంచున బంగారు గీత. అమ్మ చేతికిచ్చి, పాత కట్టలో దొరికిందనీ, ఇందులో ఒక పిల్ల ఉంది చూడమనీ మాత్రం అన్నాడు. అమ్మ చూసింది. చూసి, చూసి, పటాన్ని ఒళ్లో పెట్టుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంది. అప్పటిదాకా ఏడుపు రాక గుడ్లప్పగించి ఉన్న మనిషి ఆ సాయంత్రం ఏడ్చింది. మర్నాటి నుంచి ఆ పటం దేవుడి గూటి పక్కన ఉంది. శుక్రవారం శుక్రవారం అద్దం తుడిచి, ఆ గోరంత పిల్ల నుదురు ఉన్నచోట అగ్గిపుల్లతో కుంకుమ చుక్క పెట్టేది. వచ్చినవాళ్లు ఇంగ్లీషువాళ్ల ఊరికి బొట్టేమిటండీ అని నవ్వేవాళ్లు. అమ్మ నవ్వేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మంతా నల్లగానే ఉన్నా పిల్ల మాత్రం గోధుమరంగుకు తిరిగింది. "చూశావా, చామనచాయ. మన పిల్లే," అనేది అమ్మ.

నాకు మాత్రం ఆ పటం అంటే వణుకు. ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లేదాన్ని కాదు. వెళ్లిన ప్రతిసారీ పిల్ల ఒక మెట్టు కిందికి దిగినట్టు కనిపించేది. నిన్న పాదాలు రాయి మీద ఉన్నాయి, ఇవాళ నీళ్లకి తగులుతున్నాయి అనిపించేది. బాటనీ చదివాను, సూక్ష్మదర్శినిలో ఆకు చూసి ఉన్నది ఉన్నట్టు గీసే చదువు, అయినా యాభై ఏళ్లు దాటాక కూడా ఆ పటం ముందు నుంచి తల వంచుకునే నడిచాను. పిల్ల చేతిలో ఒక చిన్న వస్తువు ఉండేది. నలుచదరం, దాని లోపల ఇంకో నలుచదరం. ఏమిటే అది అని అమ్మ ఒకసారి అడిగింది. బుట్ట అన్నాను. అమ్మ అవుననలేదు, కాదనలేదు.

ఎందుకు వణుకో ఇప్పుడు రాస్తాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్న కొడుక్కి చెప్పలేదు.

ఏటా ఎండాకాలం కాలవ కట్టేస్తారు. నీళ్లు ఆగిపోయి, మా వెనక రేవు మెట్లు అడుగుదాకా బయటపడతాయి. రెండు నెలలు పిల్లలందరం ఆ మెట్లమీదే ఆడేవాళ్లం, అడుగున ఇసుకలో గూళ్లు కట్టేవాళ్లం. జూన్‌లో బడులు తెరిచేవేళకి కాలవ వదులుతారు. ఎర్రటి కొత్తనీరు, చిక్కగా, అడుగు కనిపించదు. నిన్నటిదాకా ఆడుకున్న మెట్టే కదా అని పిల్లలు కాలు పెడతారు. మెట్టుమీద ఒండ్రు పేరుకుని ఉంటుంది. అట్లా పోయిన పిల్లలు మా ఒక్క ఇంట్లోనే లేరు. ఆ ఏడు నేను మూడో తరగతి. నాన్న కొత్త పలక కొన్నాడు. కొత్త పలకకు జిడ్డుంటుంది, బొగ్గూ ఆకూ వేసి రుద్ది కడిగితేగాని అక్షరం పడదు. నేను వీధి అరుగుమీద అష్టాచెమ్మా ఆడుతున్నాను, గెలుస్తున్నాను. ఆటలో కలుపుకోమని బేబి కొంగు పట్టుకుని లాగినట్టు నా పావడా లాగుతోంది. నా పలక రేవులో కడుక్కురా, కలుపుకుంటాను అన్నాను. గంతులేసుకుంటూ పోయింది.

ఎంతకీ రాకపోతే విసుక్కుంటూ వెళ్లాను. రేవులో ఎవరూ లేరు. పలక మెట్టుమీద సగం నీళ్లలో, సగం బయట ఉంది. నేను కేకెయ్యలేదు. ఎవర్నీ పిలవలేదు. పలక తీసుకుని, పావడా కింద దాచుకుని, ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను. బేబి ఏదే అని అమ్మ అడిగితే తెలియదన్నాను. వాళ్లు ముందు బజారు వైపు వెతికారు, కొండ వైపు వెతికారు. కాలవ వైపు వచ్చేసరికి పొద్దు వాలింది. మర్నాడు కింద లాకుల దగ్గర దొరికింది. నేను అప్పుడే చెప్పి ఉంటే బతికేదా? డాక్టర్లను అడిగాను, వేరే ఎవరికో జరిగినట్టు అడిగాను. చెప్పలేం అన్నారు. ఆ చెప్పలేం తోనే అరవై ఏళ్లు గడిచాయి. కొన్నాళ్లకు నేను మళ్లీ బడికి వెళ్లేటప్పుడు సంచిలో నా పలక ఉంది. దానికి కొత్త చట్రం. నల్లటిది, లోపలి అంచున బంగారు గీత, పటాలకు వేసే రకం. నాన్న ఏమీ అనలేదు. క్లాసులో అందరూ నా పలక చుట్టూ మూగారు. నాన్న ముద్దుకొద్దీ చేశాడనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

పటం పాడయ్యాక అమ్మ తిండి తగ్గించింది. గోడ వైపు తిరిగి పడుకునేది. అప్పుడు నాకు మైలవరం గుర్తొచ్చింది. మా మూడో తరగతి టీచరు సువార్తమ్మగారు రిటైరై సొంతూరు వెళ్లేటప్పుడు నాన్న ఒక మంచి కాపరి పటం కట్టి ఇచ్చాడు, గొర్రెపిల్లను భుజాన వేసుకున్న ఏసుప్రభువుది. దాని వెనక పొరగా పెట్టింది ఆ అయిదారు కాపీల్లో ఒకటి. జిగురు కుంచె పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. టీచరుగారు లేరు, కోడలు కరుణ ఉంది, నర్సుగా చేసి రిటైరయింది. ఫోన్ చేసి, బస్సెక్కి వెళ్లాను. పటం అదే గోడమీద ఉంది. విషయం చెబితే ఆమె లేచి పటం అంచుమీది దుమ్ము కొంగుతో తుడిచింది. "అత్తయ్యగారు పోయినప్పుడు కూడా దీన్ని దించలేదండీ. అయినా మీ నాన్నగారు కట్టిందే కదా, మీరే విప్పండి," అంది. మంచంమీద దుప్పటి పరిచి, ప్రభువును బోర్లా పడుకోబెట్టాం. మేకులు తుప్పుపట్టినా అట్ట చెక్కుచెదరలేదు. అలవాటుకొద్దీ వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను. నాన్న కొట్టినప్పటి చప్పుడే వచ్చింది.

బొమ్మ లోపలికి తిప్పి ఉంది, మూలల్లో మాత్రం జిగురు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మామూలుగా నాన్న బొమ్మ బయటికి కనిపించేలా పెట్టి అట్ట వేసేవాడు, ఎవరైనా విప్పితే సరదాపడతారని. ఈ బొమ్మ కాపీలన్నిటినీ మాత్రం లోపలికి తిప్పే అతికించాడు. తడిగుడ్డతో మూలలు విడదీసి తిప్పాను. నిన్న అచ్చేసినట్టుంది. మబ్బులు, వంతెన, పిండిమర, రెండు ఆవులు. ఏటి ఒడ్డున రాయి. రాయి మీద ఎవరూ లేరు.

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. వేలు పెట్టి తడిమాను. రాయి గీతలు గరుకుగా, వరసగా, తెగకుండా ఉన్నాయి. అక్కడ ఎప్పుడూ ఏ పిల్లా లేదు. అచ్చు సిరా నల్లగా ఉండి పిల్ల ఒక్కతే గోధుమరంగుకు ఎందుకు తిరిగిందో, సైన్సు చెప్పుకుని బతికినదాన్ని, అప్పుడు తట్టింది నాకు. అది కలం సిరా, పాతబడేకొద్దీ గోధుమరంగుకు తిరిగేది. మాట్లాడని మా నాన్న ఆ ఇరుకు షాపులో కూర్చుని, సన్నపాళీతో, రాగి గీతల మధ్య గీతలు కలిపి, తన కూతుర్ని ఇంగ్లీషువాళ్ల ఏటి ఒడ్డున నిలబెట్టాడు. అమ్మ కోసం గీశాడు. గీసి, చేతిలో నలుచదరం పెట్టాడు, దాని లోపల ఇంకో నలుచదరం. చట్రం, పలక. బుట్ట అని నేనన్నప్పుడు పక్కన కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు. ఆయనకు తెలుసు. నా పెళ్లి చేశాడు, నా కొడుకును భుజాన వేసుకుని తిరిగాడు, పోయి పాతికేళ్లయింది, ఒక్కసారి కూడా ఒక్క మాట అనలేదు. కరుణ మంచినీళ్లు ఇచ్చి నా వీపు నిమిరింది. ఏమయిందండీ అని అడగలేదు. బహుశా నర్సులకు అలవాటేమో. బొమ్మను తీసుకోనిచ్చి, దాని బదులు ప్రభువు వెనక నేను తెచ్చిన కొత్త కాగితం పెట్టి తనే మేకులు కొట్టుకుంది.

తిరుగు బస్సులో బొమ్మను ఒళ్లో చుట్టగా పెట్టుకుని కూర్చున్నాను. ఇట్లాగే తీసుకెళ్లి ఇవ్వలేను. ఖాళీ రాయిని చూస్తే అమ్మ ఏమైపోతుంది? ఆకులూ మందారపువ్వు భాగాలూ వేలసార్లు గీసిన చెయ్యి నాది. మూడు మధ్యాహ్నాలు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, భూతద్దం పెట్టుకుని గీశాను. ఒక పిలక, పొట్టి గౌను, కాస్త ముందుకు వంగిన నడుం, అన్నీ చేతికి వచ్చేశాయి. అన్నేళ్లు తల వంచుకుని నడిచినా నాకు గీత గీత తెలుసునన్నమాట. చేతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. పలక గీయలేదు. చేతిని ఖాళీగా వదిలేశాను. అమ్మ చూపు అంతంతమాత్రం, ఏం కనిపెడుతుందిలే అనుకున్నాను. అనుకోవడమేమిటి, అరవై ఏళ్ల కిందట పావడా కింద దాచినట్టే మళ్లీ దాచాను.

పటం కట్టించడానికి గవర్నర్‌పేటలో షాపుకు వెళ్లాను. వన్ టౌన్‌లో మా షాపు ఉన్నచోట ఇప్పుడు ఫ్లెక్సీలు ముద్రిస్తారు. పోయినవాళ్ల బొమ్మ ఆ పూటకే నిలువెత్తున గుడ్డమీద దిగుతుంది, పెద్దకర్మ అయ్యాక పెరట్లో కట్టెల మీద కప్పుకుంటారు. గవర్నర్‌పేట షాపులో చట్రాలన్నీ ప్లాస్టిక్, మూలలు మిషను కొడుతుంది. నల్లది, లోపల బంగారు గీత ఉన్నది వెతికి వెతికి దొరికించుకున్నాను. మంచిగానే కట్టారు. వెనక కణుపుతో కొడితే మాత్రం డొల్ల చప్పుడు.

అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి పటం చేతికిచ్చాను. ముందు అద్దమంతా అరచేత్తో తడిమింది. తర్వాత భూతద్దం అడిగింది. ముఖం దగ్గరగా పెట్టుకుని ఏటి ఒడ్డు మీదికి వచ్చి అక్కడ ఆగింది. "వచ్చిందే," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ భూతద్దం దించలేదు. ఇంకా చూస్తోంది. చూసి, పటం ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"చేతిలో నీ పలక ఏదే?"

ఏం పలక అనబోయాను.

"మీ నాన్న ఆ పలకకి చట్రం మార్చింది నా ఎదురుగానేనే. నీళ్లకి ఉబ్బి మూలలు విడిపోయింది. చుట్టూ ఎర్ర ఒండ్రు. బియ్యానికెళ్తే డబ్బా వెనక దొరికింది నాకు," అంది. గొంతులో కోపం లేదు. అన్నానికి ఎసరు పెట్టిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

మరి అడగలేదేమమ్మా అన్నాను. నువ్వు అన్నం ముట్టేదానివి కాదు, నిద్దట్లో కేకలు పెట్టేదానివి, అడిగితే రెండోదాన్ని కూడా పోగొట్టుకుంటామని మీ నాన్న వద్దన్నాడు అంది. పెద్దయ్యాక అదే చెబుద్దిలే అన్నాడట. నువ్వుగింజ నానని నోరు అది. అరవై ఏళ్లు ఆ ఒక్క మాటను నానబెట్టుకుని కూర్చుంది, నేను చెబుతానని. ఆయన చూసి చూసి వెళ్లిపోయాడు. ఆమె ఇంకా చూస్తోంది.

చెప్పాను. మంచం పట్టె పట్టుకుని నేలమీద కూర్చుని, అరవయ్యెనిమిదేళ్లదాన్ని, అష్టాచెమ్మా దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. నేనే పంపానమ్మా, చూసి కూడా చెప్పలేదమ్మా అన్నాను. అమ్మ నా తలమీద చెయ్యేసి ఉంచింది. ఓదార్చలేదు, పోనీలే అనలేదు. పోనీలే అనే విషయం కాదని ఆవిడకీ తెలుసు. నా ఏడుపు ఆగాక పటం నా వైపు తోసింది.

"గీసియ్యవే దానికి. నీ పలక లేకుండా ఇంటికొస్తే నువ్వు తిడతావని ఆ రేవులోనే నిలబడుద్ది."

గీయమంది. అది గీసిన పిల్ల అని అమ్మకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. కలం తెచ్చుకున్నాను. పటాన్ని మంచంమీద బోర్లా పెట్టి, గవర్నర్‌పేటలో కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను.